కట్ట కింది ఊట

1984 అక్టోబరు 10, బుధవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. మా కుంట కట్టకు వెలుపలి వైపు, వాలు వచ్చి నేలను కలిసే చోట, అరచేయంత తడి కనిపించిందని కాపలాదారు భార్య వచ్చి చెప్పింది. అప్పటికి వాన కురిసి తొమ్మిది రోజులైంది. నేను వెళ్ళి చూసి, ఇంటికి వచ్చి, గోడ కేలండరులో ఆ తేదీ గడిలో "తడి" అని ఒక్క మాట రాసుకున్నాను. నాకు మొదటి నుంచీ అదే అలవాటు. వాన పడితే ఎన్ని గంటలు పడింది, గేదె ఈనితే ఏ పూట ఈనింది, అన్నీ ఆ గళ్ళలోనే. సంవత్సరం మారాక కేలండరు పారేయను. ఇప్పుడు ఇది రాస్తుంటే ఏడు కేలండర్లు నా ముందు పరిచి ఉన్నాయి.

కట్ట మా సొంతం. ప్రభుత్వానిది కాదు, ఊరిదీ కాదు. డెల్టాలో ఉన్న కొద్దిపాటి పొలం అమ్ముకుని 1969లో మేము సత్తుపల్లి దాటి అడవి అంచుకు వచ్చాం. భద్రాచలం వెళ్ళే బస్సు రోజుకు రెండుసార్లు మా దారి చివర ఆగేది. నేల బాగుంది, నీళ్ళు లేవు. వానాకాలంలో మా భూమి మధ్య నుంచి ఒక చిన్న వాగు పారి, కార్తికానికి ఎండిపోయేది. ఆ వాగుకు అడ్డంగా 1974 వేసవిలో మా ఆయన కట్ట పోయించారు. అరవై రెండు రోజుల పని. పొడవు మూడు వందల పది అడుగులు, నడుమ ఎత్తు పదహారు అడుగులు, పైన నడిచే వెడల్పు ఆరు అడుగులు. కట్ట పొడవునా ముందు కందకం తవ్వి, గట్టి నేల తగిలే దాకా దిగి, బంకమట్టితో నింపి, దాని మీద కట్ట లేపాలి. రెండు వందల డెబ్బై అడుగుల మేర అలాగే చేశారు. వాగు పాత దారి ఉన్న నలభై అడుగుల్లో మాత్రం తవ్వినకొద్దీ ఇసుక. పక్కలు కూలిపోతూ వచ్చాయి. జూన్ ఎనిమిదిన వాన మొదలైంది. మా ఆయన ఇక పూడ్చేయమన్నారు. ఇసుక మీదే మట్టి పోశారు. "నలభై అడుగులు కందకం లేదు" అని ఆ ఏటి కేలండరులో నా చేతిరాతలోనే ఉంది.

కాపలాదారు ఇల్లు కట్టకు దిగువన, డెబ్బై గజాల దూరంలో. తూము ఎత్తాలన్నా దించాలన్నా మనిషి దగ్గర ఉండాలని 1975లో మేమే ఆ చోటు చూపించి ఇల్లు వేయించాం. అందులో అతను, అతని భార్య, అతని తల్లి. పిల్లలు లేరు. తల్లికి 1983 నుంచి కాళ్ళు పడిపోయాయి. మంచం మీదే తిండి, మంచం మీదే మాట. భార్యకు నా ఈడే, ఒక ఏడు అటూ ఇటూ. నన్ను అక్కా అనేది. మా ఇంట్లో చాలామంది పనివాళ్ళు వచ్చి పోయారు కానీ నా ముఖం మీద తప్పు చెప్పే మనిషి ఆమె ఒక్కతే. తర్వాత జరిగిందంతా ఆ డెబ్బై గజాల గురించే.

తడి సంక్రాంతి వెళ్ళేసరికి చిన్న ధార అయింది. తేట నీళ్ళు, చల్లగా, తియ్యగా. మా బావిలో నీళ్ళు ఉప్పన, పప్పు ఉడికేది కాదు. పక్కనున్న గూడెంలో ఇరవై రెండు ఇళ్ళు. ఆడవాళ్ళు తాగే నీళ్ళకు పైవాగు చెలమ దాకా నడిచేవాళ్ళు, పోను రాను మైలున్నర. ఇప్పుడు నీళ్ళు వాళ్ళ గుమ్మం ముందుకు వచ్చాయి. దాన్ని ఊట అన్నారు. నేనూ ఊట అన్నాను. మాట అలా పడిపోయింది. కట్ట కారుతోంది అని ఎవరైనా అని ఉంటే మర్నాడే పార పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఊట అన్నాక పసుపు కుంకుమ పట్టుకుని వెళ్ళాం. కాపలాదారు భార్య వాగులోంచి నున్నటి రాయి ఒకటి తెచ్చి పక్కన నిలబెట్టింది. గంగమ్మ అయింది.

1985 మే నెలలో ధార ఆగిపోయింది. కుంటలో నీళ్ళు అడుగంటిన వారమే అది. ఆడవాళ్ళు దిగులుపడ్డారు. ఆగస్టులో కుంట నిండింది, ధార మళ్ళీ వచ్చింది, ముందటికన్నా లావుగా. అమ్మ అలిగి పుట్టింటికి పోయి వచ్చిందని నవ్వుకున్నారు. ఆ మాట విని నేనూ నవ్వాను.

1986 మార్చిలో నేను చేయించిన పని ఒకటి ఉంది. నీళ్ళు నేల మీద పారి బురదవుతున్నాయని, అక్కడ గుంత తవ్వించి సిమెంటు వర దింపించాను. మూడడుగుల లోతు. వర పట్టడానికి కట్ట పాదాన్ని రెండడుగుల మేర లోపలికి కోయాల్సి వచ్చింది. కాపలాదారే కోశాడు. వర అంచు కింద కన్నం చేయించి ఇనుప గొట్టం పెట్టించాను. ఆడవాళ్ళు వంగి ముంచుకోనక్కర్లేదు, బిందె కింద పెడితే చాలు. ఆ పని చేయించినందుకు గూడెంలో నాకు ఎంత మర్యాద జరిగిందో చెప్పను. నాకది ఇష్టంగానే ఉండేది.

గొట్టం వచ్చాక నాకు కొలత దొరికింది. ఏటా ఆగస్టు పదిహేనున బడి దగ్గర జెండా ఎగరేసి వచ్చాక, నా పెద్ద ఇత్తడి బిందె గొట్టం కింద పెట్టి, నిండే దాకా అంకెలు లెక్కపెట్టేదాన్ని. 1986లో రెండు వందల పన్నెండు. 1987లో నూట యాభై ఎనిమిది. 1988లో తొంభై ఏడు. తూము దగ్గర రాతి స్తంభానికి అడుగు అడుగుకూ గీతలు చెక్కించి ఉన్నాయి, కుంటలో నీళ్ళెంతో అక్కడ చూసి అదే గడిలో పక్కన రాసేదాన్ని. ఇవి కాక మధ్యలో తోచినప్పుడల్లా. నీళ్ళు నాలుగు అడుగులకు దిగినప్పుడు బిందె నిండడానికి నాలుగు వందల పై చిలుకు. పది అడుగులకు ఎక్కితే నూట ఇరవై. రెండు అంకెలూ పక్కపక్కనే, నా చేతిరాతలోనే, మూడేళ్ళ పాటు. కుంట పెరిగితే ఇది పెరుగుతోంది, కుంట తగ్గితే ఇది తగ్గుతోంది. బడిపిల్లకు చూపించినా చెప్పి ఉండేది. నేను మాత్రం ఊట ఏటికేడు బలపడుతోందని ఆడవాళ్ళకు చదివి వినిపించాను.

1988 నవంబరు 13, ఆదివారం. పక్క ఊళ్ళో కొత్త పనికి చోటు చూడడానికి వచ్చిన ఓవర్సీరు ఒకాయన మా ఇంట్లో భోజనం చేశాడు. మంచినీళ్ళు బాగున్నాయని అన్నాడు. నేను గొప్పగా తీసుకెళ్ళి చూపించాను. ఆయన వర దగ్గర కూర్చుని, గొట్టం కింద దోసిలి పట్టి, నీళ్ళను ఎండకు ఎత్తి చూశాడు. తర్వాత లేచి కట్టను పైనుంచి కింది దాకా చూశాడు.

"ఇది ఊట కాదమ్మా" అన్నాడు. "మీ కుంటే. కట్ట కడుపులోంచి వస్తోంది."

ఏం చేయాలని అడిగాను. వర తీసేయమన్నాడు. గుంతను మట్టితో మూయొద్దు, ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, దాని మీద పెద్ద కంకర పోసి బరువు పెట్టండి, నీళ్ళు వడకట్టుకుని బయటికి పోవాలి కానీ మట్టిని తీసుకుపోకూడదు అన్నాడు. కట్ట మీది తుమ్మచెట్లు కొట్టించమన్నాడు. వచ్చే ఎండాకాలం కుంట ఎండబెట్టి ఆ చోట కట్ట తవ్వి మళ్ళీ పోయించమన్నాడు. మీ ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చి చూస్తారా అంటే, సొంత కట్టలు తమ పుస్తకాల్లో ఉండవని చెప్పాడు.

"నీళ్ళు తేటగా ఉన్నంత కాలం మీకు టైముంది. రంగు మారిన రోజు మాత్రం ఎవరినీ అడగొద్దు. తూము ఎత్తేయండి, ఆ ఇంట్లో వాళ్ళను పైకి తెచ్చేయండి."

ఆ ఇల్లు అంటూ ఆయన కాపలాదారు ఇంటి వైపు వేలు చూపించాడు. కాపలాదారు భార్య అప్పుడు వాకిట్లో వడ్లు చెరుగుతోంది. ఏంది అన్నట్టు చేయి ఊపింది. నేను ఏం లేదన్నట్టు ఊపాను.

మా ఆయన విని, నూతిలో కప్పను చూసినా వీళ్ళకు ఎస్టిమేటు గుర్తొస్తుందన్నారు. కట్ట పద్నాలుగేళ్ళు నిలబడిందన్నారు. అందుకు ఆయన్ని ఒక్కరినే అనను. వర తీయించమని ఆయన్ని అడిగితే తీయించేవారేమో. నేను అడగలేదు. ఇరవై రెండు ఇళ్ళు తాగే నీళ్ళు ఆపేయాలి, పసుపు పూసిన చోట పార వేయాలి, ఆ మాట గూడెంలో నేను చెప్పాలి. వేసవి వచ్చింది. తుమ్మచెట్లు రెండు కొట్టించాం. వేసవి వెళ్ళింది.

1989లో వానలు పెందరాళే పట్టాయి. జూలై పదిహేనుకు నీళ్ళు పదకొండున్నర అడుగులు. పన్నెండు దాటితే పక్కనున్న రాతి మత్తడి మీంచి పొర్లి పోతుంది, పోవాలి. ఆ ఏడు మా ఆయన మత్తడి మీద ఇరవై నాలుగు ఇసుక బస్తాలు పేర్పించి ఇంకో అడుగు నిలిపారు. నారు ఏపుగా ఉంది. ఇరవై నాలుగో తేదీ సోమవారం నాట్లకు ముప్పై మంది ఆడవాళ్ళకు చెప్పి ఉంచారు.

జూలై 19, బుధవారం, ఉదయం ఆరు ఇరవై. కాపలాదారు భార్య ఖాళీ బిందెతో మా పెరటి గుమ్మం దగ్గర నిలబడింది.

"అక్కా, అమ్మ ఎర్రగ వస్తుంది" అంది.

వెళ్ళాను. గొట్టంలోంచి పల్చటి టీ రంగు నీళ్ళు. అప్పటికే గూడెం ఆడవాళ్ళు పదిమంది చేరారు. ఎవరో ముట్టుతో వచ్చి నీళ్ళు పట్టారని, అమ్మకు మైల సోకిందని అప్పటికే తేల్చేశారు. ఎవరు ఆ పని చేశారని ఒకరి మీద ఒకరు దెప్పుకున్నారు కూడా. ఒక ముసలామె అమ్మే దూరం కూర్చుందేమో అంది, అందరూ నోరు మూసుకుని నవ్వారు. ఏదైనా మూడొద్దులు. మూడు రోజులు ఆ చోటు ఎవరూ తాకకూడదు, తొంగి చూడకూడదు. గొట్టంలో పాత గుడ్డ కుక్కారు. వర మీద వేపకొమ్మలు మందంగా పరిచారు. నాలుగో రోజు, శనివారం సాయంత్రం, నీళ్ళు చల్లి కొమ్మలు తీయాలి.

నేను అక్కడే ఉన్నాను. ఓవర్సీరు మాట నా చెవిలోనే ఉంది. కొమ్మలు పరుస్తుంటే కాపలాదారు భార్యను పక్కకు పిలిచి, ఇది మైల కాదు, కట్ట మట్టి అని చెప్పాను. అత్తను తీసుకుని మా ధాన్యం కొట్టులోకి వచ్చేయండి, నాలుగు రోజులే కదా అన్నాను.

"అమ్మ గిట్లుంటే ఇడిచి ఎట్ల వస్తనక్కా? పక్కనున్నదాన్నే నేను పోతే గూడెపోళ్ళు ఏమంటరు? మైల నాదే అంటరు."

అత్తను అడుగుదామని లోపలికి వెళ్ళాను. ముసలావిడ మంచం మీంచే నన్ను కిందికీ మీదికీ చూసింది. "నన్నేడికి మోస్తరు? కాళ్ళు పోయినయి గని కండ్లు పోలే. నీళ్ళొస్తే నేనే చెప్త, మీరు ఉరుకుండ్రి" అంది. కోడలు పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. తూము ఎత్తించండి, నాలుగడుగులు దించండి చాలు అన్నాను. మూడు రోజులుగా పడుతున్న వానకు ఎక్కడి నీళ్ళయినా ఎర్రగానే ఉంటాయన్నారు. ఇప్పుడు వదిలేసి రేపు వాన ముఖం చాటేస్తే పది ఎకరాల నారు మడిలోనే ముదురుతుందన్నారు.

"సోమవారం నాట్లు పడనియ్యి. మంగళవారం నేనే ఎత్తిస్తా."

సోమవారానికి ఐదు రోజులు. ఆ మాట కూడా కేలండరులో ఉంది.

గురువారం పొద్దున నేను నలభై అడుగుల దూరంలో నిలబడి చూశాను. అంతకన్నా దగ్గరికి పోలేదు. గాలి లేదు. కట్ట మీద గడ్డి కదలడం లేదు. వర మీద వేపకొమ్మలు మాత్రం సన్నగా వణుకుతున్నాయి. కింద ఏదో ఊపిరి తీస్తున్నట్టు లేచి, కుంగి, మళ్ళీ లేస్తున్నాయి. ఎలుకలేమో అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. కాపలాదారు భార్య వాకిట్లోంచి చూస్తోంది, చూడొద్దని తల ఊపింది. వచ్చేశాను.

శుక్రవారం కుంట లోపలి వైపు, కట్టకు రెండు బారల దూరంలో, నీళ్ళ మీద ఒక ఆకు తిరుగుతూ ఉంది. పళ్ళెమంత సుడి. కాపలాదారు దాన్ని చూపించి పెద్ద చేప పొర్లుతోందని చెప్పాడు. ఆకు మునిగింది. తేలలేదు. కట్ట కింద నేల అంతకుముందు గట్టిగా ఉండేది, ఆ పూట కాలు పెడితే మెత్తగా దిగి నెమ్మదిగా పైకి వచ్చింది. నీళ్ళు పన్నెండడుగుల తొమ్మిది అంగుళాలు. మధ్యాహ్నం మళ్ళీ మా ఆయనతో గొడవ పడ్డాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయారు. మూడు రోజులు ఆ కొమ్మల జోలికి పోకుండా నన్ను ఎవరూ కట్టేయలేదు. నేనే పోలేదు. కారణం రాయమంటే, ఆ ఆడవాళ్ళ ముందు నేను పెట్టించిన వరను నేనే మైలపరిచినదాన్ని కావడం ఇష్టం లేకపోయింది. అంతకన్నా పెద్ద కారణం లేదు.

జూలై 22, శనివారం. సాయంత్రం దాకా ఆగలేకపోయాను. మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకు వెళ్ళి కొమ్మలు ఎత్తాను. వర ఒక వైపుకు జానెడు కుంగి ఒరిగి ఉంది. లోపల నీళ్ళు ముదురు ఎరుపు. అడుగున ఇసుక, ఎసట్లో బియ్యం తిరిగినట్టు తిరుగుతోంది. గొట్టంలో కుక్కిన గుడ్డను నీళ్ళు ఎప్పుడో తోసేశాయి. గొట్టం చుట్టూ, వర చుట్టూ, కొమ్మల కింద నేల అంతా నీళ్ళు.

కాపలాదారు భార్య అరుస్తూ వచ్చింది. నన్ను తిట్టడానికే వచ్చింది. వరలోకి చూసి ఆగిపోయింది. "జల్దీ అక్కా" అంది, అంతే, ఇంటివైపు తిరిగింది.

కాపలాదారు పొలం గట్టు మీద ఉన్నాడు. నేను కింది నుంచి కేక వేశాను. "తూము ఎత్తు" అన్నాను. రెండు మాటలు. అవ్ అన్నట్టు చేయి ఎత్తి కట్ట ఎక్కాడు. తూము కన్నాన్ని మూసే చెక్క బిరడాకు ఇనుప కడ్డీ ఉంటుంది. నీళ్ళ బరువు అంత ఉన్నప్పుడు దాన్ని లాగడానికి ఇద్దరు కావాలి. అతను ఒక్కడే. తూము ఉన్న చోటుకూ వర ఉన్న చోటుకూ ఇరవై అడుగుల ఎడం. ఆ రెండు మాటలు చెప్పేటప్పుడు ఈ ఇరవై అడుగులు నాకు తట్టలేదు. ఓవర్సీరు చెప్పింది నీళ్ళకు రంగు మారిన రోజు చేయాల్సిన పని. అప్పటికి మూడు రోజులు గడిచాయి. మూడు రోజుల తర్వాత ఆ కట్ట మీదికి మనిషిని పంపకూడదు.

ముసలావిడను మంచంతో సహా ఎత్తాం, తల వైపు కోడలు, కాళ్ళ వైపు నేను. తూర్పు వైపు దిబ్బ దాకా నూట పది అడుగులు వేశాను. దారిలో ముసలావిడ వెల్లకిలా పడుకుని కట్టనే చూస్తోంది. దిబ్బ ఎక్కి మంచం దించుతుంటే చేయి ఎత్తి, "నా కొడుకు" అంది.

తిరిగి చూశాం. కట్ట పైభాగం ఒక చోట దిండు నొక్కినట్టు లోపలికి దిగింది. కాపలాదారు కడ్డీని రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలి లాగుతున్నాడు. కడ్డీ సగం పైకి వచ్చింది కూడా. భార్య అతన్ని పేరు పెట్టి పిలిచింది. ఏళ్ళ తరబడి ఆమె నోట ఆ పేరు నేను వినలేదు. అతను తల ఎత్తాడు. మూడు గంటల ముప్పై రెండు నిమిషాలకు కట్ట తెగింది. మొదట చప్పుడు కూడా లేదు. ఎర్రటి నీళ్ళు కింది నుంచి ఒక గుహ చేసుకుని వచ్చాయి, పైన మట్టి కాసేపు వంతెనలా నిలిచి, తర్వాత పడింది. తెగింది వాగు పాత దారి మీదే, కందకం తీయని నలభై అడుగులూ అందులోనే. కుంట ఖాళీ కావడానికి యాభై నిమిషాలు పట్టింది.

ఆదివారం ఉదయం పదకొండు గంటలకు అతను దొరికాడు, మైలు దిగువన, వాగు మలుపులో, వెదురు పొదల్లో.

మా ఆయన ఆ తర్వాత మూడేళ్ళు బతికారు. కట్ట మాట ఎత్తలేదు, మళ్ళీ పోయించలేదు. కాపలాదారు భార్యా అత్తా మా ధాన్యం కొట్టులోనే ఉన్నారు. పదకొండో రోజు వెళ్ళిన తర్వాత ఒక మధ్యాహ్నం ఆమెకు అన్నీ చెప్పాను. ఓవర్సీరు చూపిన వేలు, నేను ఏం లేదని చేయి ఊపడం, బిందె అంకెలు, తూము ఎత్తమన్న మాట. బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది. చేట పక్కన పెట్టలేదు.

"రెండో నాడే నువ్వు గా కొమ్మలు తీసుంటే నిన్ను తిట్టేదాన్నక్కా" అంది. "తిట్టేదాన్ని, గంతే."

పోయినవి ఇవి. కట్ట తెగాక వచ్చిన సోమవారం ఇద్దరం కలిసి తిరిగి చూశాం, ఆమె చెప్పింది, నేను రాశాను.

మనిషి ఒకడు, నలభై ఆరేళ్ళు. ఇల్లు ఒకటి, గోడలతో సహా. పాడిగేదెలు రెండు, దూడ ఒకటి. కోళ్ళు పదకొండు. ఇంట్లో నిలవ ఉన్న వడ్లు ఆరు బస్తాలు. ఇసుక మేట వేసిన పొలం తొమ్మిది ఎకరాలు, మాది నాలుగు, గూడెం వాళ్ళది ఐదు. కట్ట మూడు వందల పది అడుగుల్లో యాభై రెండు. కుంటలో నీళ్ళు పన్నెండడుగుల పది అంగుళాలు. ఇరవై రెండు ఇళ్ళకు తాగే నీళ్ళు. పది ఎకరాలకు సరిపడే నారు.